సేవకు వచ్చిన యువత ఊరికి ఏం మిగిల్చింది? రాయదుర్గం వైపు నుంచి ఒక పరిశీలన

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీలో చేరిన విద్యార్థి పట్టా అందుకునేలోగా పది నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలని 2020-21 నుంచి ఉన్నత విద్యామండలి నిబంధన పెట్టింది. అందులో మొదటి మెట్టు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మొదటి సంవత్సరం అయ్యాక విద్యార్థి ఒక ఊళ్లోనో వార్డులోనో 180 గంటలు పనిచేయాలి. ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి, ఏదో ఒక సమస్య మీద అవగాహన కల్పించాలి, లాగ్‌బుక్ నింపాలి, నివేదిక ఇవ్వాలి. గుమ్మగట్ట, కణేకల్లు, బొమ్మనహాళ్, డి.హీరేహాళ్ మండలాల పల్లెల నుంచి వచ్చి అనంతపురం జిల్లా రాయదుర్గంలో చదివే పిల్లలకు ఇది ఒకరకంగా తమ ఊరినే కాగితం మీద పెట్టే పని.

ఇలా సేవ పేరుతో వెళ్లిన యువత వల్ల ఊరికి ఏం మిగులుతుంది, అందుకు ఆధారాలేమిటి అన్నదే ఈ వ్యాసం ప్రశ్న. విద్యార్థికి ఏం మిగులుతుందన్నది వేరే సంగతి. దానికి జవాబు తేలిక: క్రెడిట్లు, కొంత లోకజ్ఞానం, కొన్ని పరిచయాలు. ఈ రెండు ప్రశ్నలూ మన దగ్గర మొదటినుంచీ కలగలిసిపోయాయి. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమందితో మొదలైన జాతీయ సేవా పథకాన్నే చూడండి. రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. లెక్కంతా సేవ చేసేవారి వైపునుంచే. ఎన్ని మొక్కలు నాటారో ఎవరైనా చెబుతారు. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉండే అనంతపురంలో అడగాల్సింది మూడో వేసవి దాటాక ఎన్ని మిగిలాయని. అది అడిగేసరికి ఆ వాలంటీరు చదువు ముగించుకుని వెళ్లిపోయి ఉంటాడు.

ఊరి వైపునుంచి కొలిచిన ఆధారం ఉన్న ప్రయోగం ఒకటి మాత్రం మనకు దగ్గర్లోనే ఉంది. అది ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ. గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2005 నాటి చట్టం 17వ సెక్షన్ పనులను తనిఖీ చేసే బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. చాలా రాష్ట్రాల్లో ఆ మాట చట్టంలోనే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం రాజస్థాన్‌లోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనుభవాన్ని తెచ్చుకుంది. 2006లో అనంతపురం జిల్లాలో పాదయాత్రలతో ఒక పెద్ద తనిఖీ జరిగింది. 2009లో ఇందుకోసమే విడిగా ఒక సొసైటీ ఏర్పడింది. పథకాన్ని అమలు చేసేవాళ్లు వేరు, తనిఖీ చేసేవాళ్లు వేరు అన్న సూత్రం అలా స్థిరపడింది.

ఈ తనిఖీ చేసేది ఎవరు? ప్రధానంగా ఉపాధి కూలీల ఇళ్లలో నాలుగక్షరాలు నేర్చిన పిల్లలు. వాళ్లకు రెండుమూడు రోజుల శిక్షణ ఇస్తారు. మస్టర్లు (హాజరు పట్టీలు), కొలతల పుస్తకాలు ముందే తెప్పించి చేతికిస్తారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి జాబ్ కార్డు, పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి చదివి వినిపిస్తారు: "ఫలానా వారం నువ్వు ఆరు రోజులు పనిచేసినట్టు రాసుంది పెద్దమ్మా, నిజమేనా?" తర్వాత చెరువు పూడిక దగ్గరికో ఫారం పాండు దగ్గరికో వెళ్లి టేపుతో కొలుస్తారు. దొరికినదాన్ని గ్రామసభలో చదువుతారు. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. అధికారులు, ఫీల్డ్ అసిస్టెంట్లు, కూలీలు అందరూ ఎదురెదురుగా ఉంటారు. ముఖ్యమైన సంగతి ఒకటుంది: తనిఖీకి వెళ్లేవాళ్లను వాళ్ల సొంత ఊరికి పంపరు.

వీళ్లకు రోజుకు కొంత భత్యం ఇస్తారు కాబట్టి ఇది స్వచ్ఛంద సేవ కాదని కొందరంటారు. ఆ అభ్యంతరం నాకు అంత బలమైనదిగా కనిపించదు. కరువు ప్రాంతంలో దమ్మిడీ తీసుకోకుండా సేవ చేయమంటే ఇంట్లో పొయ్యి వెలిగే పిల్లలే వస్తారు. అప్పుడు కూలీల పక్షాన మస్టరు చదివేది కూలీల పిల్లలు కారు.

ఫలితం మీద రెండు అధ్యయనాలు చెప్పుకోదగ్గవి. యామిని అయ్యర్, సలీమా సామ్జీ కడప, ఖమ్మం, మెదక్ జిల్లాల కూలీలను తనిఖీకి ముందూ తర్వాతా కలిసి మాట్లాడారు. పథకం నియమాల మీద, తమ హక్కుల మీద అవగాహన గణనీయంగా పెరిగిందని 2009లో రాశారు. ఫర్జానా ఆఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ 2006-10 మధ్య ఎనిమిది జిల్లాల్లో 300 గ్రామ పంచాయతీల తనిఖీ నివేదికలను వరసగా పేర్చి చూశారు. వాళ్లకు దొరికిన చిత్రం అంత సూటిగా లేదు. కూలి డబ్బుకు సంబంధించిన ఒక్కో అక్రమంలో పోయే మొత్తం కొంత తగ్గింది. అదే సమయంలో సామగ్రి ఖర్చుల్లో జరిగే, కనిపెట్టడం కష్టమైన అక్రమాల సంఖ్య పెరిగింది. కూలీలు ముందుకొచ్చి ఫిర్యాదు చేయడం మెరుగైంది. తేలిన అక్రమం మీద ఆ తర్వాత తీసుకోవాల్సిన చర్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం వ్యవస్థ వెనకబడిందని వాళ్లు స్పష్టంగానే చెప్పారు. తేలిన అక్రమాల మీద విచారణకు, శిక్షకు రాష్ట్రం 2012లో ప్రత్యేకంగా చట్టం తేవాల్సి రావడం కూడా ఆ లోటునే చూపిస్తోంది.

ఈ అంకెలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. తనిఖీ నివేదికను రాసేది తనిఖీ చేసినవాళ్లే. మూడో విడతలో ఎక్కువ అక్రమాలు కనిపించాయంటే అక్రమాలు పెరిగి ఉండవచ్చు, లేదా ఆ పిల్లలకు చూపు పదునెక్కి ఉండవచ్చు. పరిశోధకులకూ ఈ చిక్కు తెలుసు. పైగా ఇవి ఉమ్మడి రాష్ట్రపు సగటులు. రాయదుర్గం చుట్టుపక్కల ఊళ్లకు యథాతథంగా వర్తిస్తాయని చెప్పే సాహసం చేయలేను. ఇంతవరకు మాత్రం చెప్పవచ్చు: చిన్నదైనా కచ్చితమైన పని, ఊరు సరిచూసుకోగల కాగితం, దాన్ని చదివే సభ, ఈ మూడూ ఉన్నచోట యువత చేసిన పని ఊళ్లో జాడ వదిలింది. సభ అయ్యాక జవాబు చెప్పాల్సిన ఆఫీసు మౌనంగా ఉన్నచోట ఆ జాడ పలచబడింది.

సొంత ఊరికి పంపకూడదన్న నియమం దగ్గర కాసేపు ఆగాలి. రాయలసీమ మీద రాసేవాళ్లు ఫ్యాక్షన్ మాట ఎత్తకుండా ఉండలేరు. ఎత్తినవాళ్లు సాధారణంగా బాంబులు, వేటకొడవళ్ల దగ్గరే ఆగిపోతారు. హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ లాంటివారు చూపించింది దాని వెనకున్న అసలు సంగతిని: కాంట్రాక్టుల మీద, ఊరికొచ్చే ప్రభుత్వ సొమ్ము మీద పెత్తనం. 2005 జనవరి 24న అనంతపురంలో రాజకీయ నాయకుడు పరిటాల రవి హత్య తర్వాత ఆ స్థాయి హింస జిల్లాలో క్రమంగా తగ్గుముఖం పట్టిందన్నది చాలామంది అంగీకరించే మాట. రాయదుర్గం ప్రాంతం ఆ హింసకు నడిబొడ్డు కూడా కాదు. అయినా రెండు వర్గాలుగా చీలిన ఊళ్లో ఒక కూలీ నలుగురిలో లేచి "నా సంతకం నాది కాదు" అనడం ఎక్కడైనా చిన్న విషయం కాదు. అడిగేది పక్క మండలం పిల్లవాడైతే, చెప్పే చోటు ఊరి రచ్చబండ కాక మండల కేంద్రమైతే ఆ మాట కొంత తేలికవుతుందని నా ఊహ. దీన్ని విడిగా పరీక్షించిన అధ్యయనం ఆధారంగా కాదు, నియమం రూపాన్ని బట్టి చెబుతున్నాను.

ఇక్కడ నైజీరియా గుర్తుకొస్తుంది. అంతర్యుద్ధం చేసిన దేశంతో అనంతపురం జిల్లాను పోల్చడం అతి అవుతుంది, అయినా దూరం గురించి ఆ దేశం చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. 1967-70 బయాఫ్రా యుద్ధం ముగిశాక, 1973లో యకుబు గోవాన్ ప్రభుత్వం జాతీయ యువజన సేవా దళాన్ని స్థాపించింది. ముప్పై ఏళ్లలోపు పట్టభద్రులందరూ ఒక ఏడాది సేవ చేయాలి, అదీ తమది కాని రాష్ట్రంలో. ఒయెబోలా ఒకునోగ్బే అనే ఆర్థికవేత్త ఏళ్ల తర్వాత వాళ్లను పరిశీలించారు. వేరే జాతుల ప్రాంతంలో సేవ చేసినవారికి దేశం పట్ల గర్వం పెరిగింది, అదే సమయంలో సొంత జాతితో బంధమూ గట్టిపడింది. రెండూ ఒకేసారి పెరగడం ఆసక్తికరమే. కానీ అక్కడ కొలిచింది సేవ చేసినవాళ్లలో వచ్చిన మార్పును, వాళ్లు వెళ్లిన ఊళ్లలో వచ్చిన మార్పును కాదు. 2011 ఎన్నికల అనంతర అల్లర్లలో పదిమంది సేవాదళ సభ్యులు హతమయ్యారు. ఎన్నికల విధుల్లో పెట్టిన ఆ పిల్లలు అల్లరిమూకలకు పరాయివాళ్లుగానే కనిపించారు. మరీ దూరం నుంచి వచ్చినవారికి ఊళ్లో అండ ఉండదు.

దానికి సరిగ్గా ఎదురు కొసలో మన గ్రామ వాలంటీరు ఉండేవాడు. 2019 ఆగస్టు 15న మొదలైన ఆ వ్యవస్థలో 50 ఇళ్లకు ఒకరు, అదే ఊరివారు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. రాష్ట్రమంతటా రెండున్నర లక్షలకు పైగా యువతీయువకులు పనిచేశారు. ఏ ముసలమ్మ మంచం పట్టిందో, ఏ ఇల్లు బెంగళూరుకు వలస వెళ్లిందో తెలిసినవాళ్లు. తెల్లవారకముందే తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టడం ముసలివాళ్లకు ఎంత ఊరటో కాదనలేం. అదే దగ్గరితనం మరో అనుమానాన్నీ తెచ్చింది. అధికారపక్షానికి వీళ్లు ఇంటింటా ఉన్న మనుషులన్న ఫిర్యాదులు వచ్చాయి. 2024 మార్చిలో ఎన్నికల సంఘం కోడ్ ముగిసేవరకు పింఛను పంపిణీకి వాలంటీర్లను దూరంగా ఉంచమంది. ప్రభుత్వం మారాక జులై 1న గ్రామ సచివాలయ సిబ్బందే ఇళ్లకు వెళ్లి పింఛన్లు ఇచ్చారు. అంటే ఆ పనిలో పంపిణీ భాగం జీతగాళ్లూ చేయగలిగినదే. 50 ఇళ్ల బాగోగులు తెలిసి ఉండటం అన్న భాగం సంగతేమిటి? అది ఆగిపోయినందువల్ల ఎవరికి ఏమైందో కొలిచి చూస్తేనే చెప్పగలం. ఈ విషయంలో వాదనలు పార్టీల వారీగా సిద్ధంగా ఉన్నాయి గాని కొలతలు కావు.

ఇప్పుడు రాయదుర్గం విద్యార్థి 180 గంటల దగ్గరికి వద్దాం. ఆ పనికి ఎంచుకున్న వేసవి కాలమే ఒక సమస్య. వేసవిలో మెట్టభూములు ఖాళీగా ఉంటాయి. ఊళ్లో ఉన్నవాళ్లు పొద్దున్నే ఉపాధి పనికి పోతారు, మిగతావాళ్లు బళ్లారికో బెంగళూరుకో పోయి ఉంటారు. పదిగంటలకు సర్వే కాగితంతో వచ్చిన పిల్లవాడికి దొరికేది ముసలివాళ్లు, పసిపిల్లలు, తాళాలు. తాళం వేసిన ఇళ్లను వదిలేస్తే వలస ఎక్కువున్న ఊరే వలస తక్కువున్నట్టు లెక్క తేలుతుంది.

రెండోది ప్రశ్నపత్రం. రాయదుర్గంలో జీన్సు కుట్టే పని పేరున్నది. కుట్టు పని ఉన్నచోట ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చుని లెక్కకింతని చేసే పనులు ఎన్నో ఉంటాయి. ప్రశ్నపత్రంలో 'వృత్తి' అన్న గడి ఒక్కటే ఉంటే ఆమె 'గృహిణి' అనే చెబుతుంది, ఆ పిల్లవాడు అదే రాస్తాడు. గంటకెంత, ఎవరికి కుడుతున్నావు, కళ్లు ఎలా ఉన్నాయి అని అడిగే ప్రశ్నలు కాలేజీలో కూర్చుని తయారుచేసిన కాగితంలో రావు. సరిహద్దు పల్లెల్లో ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలున్నాయి. రెండు భాషలూ వచ్చిన పిల్లలు ఇక్కడి తరగతుల్లో దొరుకుతారు గనుక ఆ చిక్కు తీర్చుకోగలిగినదే. జతలు వేసేటప్పుడు ఎవరైనా దాన్ని పట్టించుకోవాలి, అంతే.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: నివేదిక ఎటు పోతుంది? మార్కులు వేసే అధ్యాపకుడి దగ్గరికి. దానికీ గ్రామసభకూ ఏ దారీ లేదు. ఏటా అక్టోబరు 2 నుంచి పంచాయతీలు వచ్చే ఏడాది అభివృద్ధి ప్రణాళిక తయారుచేసుకునే ప్రచారం జరుగుతుంది. అప్పుడు ఊళ్ల సమాచారం కోసం వెతుక్కుంటారు. వేసవిలో అదే ఊళ్లో తిరిగి రాసిన సర్వే కాలేజీ అలమారాలో ఉంటుంది. సామాజిక తనిఖీకి ఉన్నది, ఈ ప్రాజెక్టుకు లేనిది ఆ దారే.

పరీక్షించి చూడటం కష్టం కాదు. రాయదుర్గం, గుమ్మగట్ట మండలాల్లో కొన్ని పంచాయతీలను చీటీ తీసి రెండుగా విడగొట్టవచ్చు. ఒక సగంలో ఇప్పటిలాగే జరగనివ్వాలి. రెండో సగంలో మూడు మార్పులు: విద్యార్థిని సొంత ఊరికి కాక పక్క మండలానికి పంపడం, నివేదిక ప్రతిని పంచాయతీ కార్యదర్శి నంబరు వేసి తీసుకోవడం, మరుసటి ఏడాది బ్యాచ్ అదే ఊరికి వెళ్లి నిరుటి నివేదికలోని ఒక్కో అంశం ఏమైందో మొదటి పేజీలో రాయడం. ఒకే ఊరిని ఏటా ప్రశ్నలు అడిగితే జనం విసుక్కునే ప్రమాదం ఉంది, కనుక ప్రశ్నలు సగానికి తగ్గించాలి. మూడేళ్ల తర్వాత చూడాల్సింది పంచాయతీ ప్రణాళికలో చేరిన పనుల జాబితా: విద్యార్థులు రాసిన వాటిలో రెండు సగాల్లోనూ ఎన్ని అందులోకి ఎక్కాయి, ఎక్కినవాటిలో ఎన్నిటికి డబ్బు విడుదలైంది. తేడా ఏమీ కనిపించకపోతే పక్క మండలం గురించీ కాగితం గురించీ ఇక్కడ చెప్పినదాన్ని తిరిగి ఆలోచించాల్సి ఉంటుంది.