ఆట

పాడు నుంచి పాట వచ్చినట్టే ఆడు నుంచి ఆట వచ్చింది. వ్యాకరణం అంతే. కానీ ఈ ఆడు అనే చిన్న ధాతువు తెలుగులో చేసే చాకిరీ అంతా ఇంతా కాదు. కోనసీమలో ఎండుకొబ్బరి గానుగ ఆడిస్తారు, మరలో పిండి ఆడిస్తారు. ఉక్కపోతకి ఊపిరాడదు. చెడు కబురు వింటే కాళ్ళూ చేతులూ ఆడవు. రాజమండ్రిలో సినిమాకి బయల్దేరినవాణ్ణి మొదటి ఆటకా, రెండో ఆటకా అని అడుగుతారు. వీటన్నిటిలోనూ ఉన్నది కదలిక. ఒక్కచోట మాత్రం కదిలేది నాలుక. 'ఆడిన మాట తప్పడు' అన్నప్పుడు ఆడటమంటే పలకడం. మాట్లాడు అన్న క్రియ పుట్టింది అలాగే. కన్నడంవాళ్ళ 'మాతాడు' కూడా ఇదే.

ఈ రెండర్థాలూ ఒకే తెర మీద కలిసేది తోలుబొమ్మలాటలో. కాకినాడ పక్కనున్న మాధవపట్నం ఈ కళకి పేరుమోసిన ఊరు. తెల్లబట్ట తెర, వెనక దీపం, మధ్యలో మనిషెత్తు రావణుడు. తోలుని వెలుగు దూరేంత పల్చగా గీకి, రెండువైపులా రంగులద్ది, నగలుండేచోటల్లా సన్నటి రంధ్రాలు కొడతారు. దీపం వెలగగానే ఆ చుక్కలే రత్నాలు. యుద్ధమొచ్చిందంటే ఆడించేవాడు కాళ్ళకింది చెక్కల్ని దడదడలాడిస్తాడు. రంగనాథ రామాయణం ద్విపద సాగుతూండగా ఉన్నట్టుండి హాస్యగాళ్ళు జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చిపడతారు, వెనకాలే కేతిగాడు. ఏ రామాయణంలోనూ వీళ్ళు లేరు. లంకలో నిలబడి ఊళ్ళో సంగతులూ మొగుడూపెళ్ళాల తగువులూ ఎత్తుకుంటారు. తామున్నది కథలోనని, ఎదురుగా జనం కూర్చున్నారని తెలిసినవాళ్ళు ఆ తెర మీద వీళ్ళే. జావా బొమ్మలాటలో సెమార్ అనే విదూషకుడు, అతని కొడుకులు మహాభారతంలోకి ఇలాగే చొరబడతారు.

పలుకే ఆటయ్యే చోటు ఇంకొకటుంది. అమెరికాలో 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు మంత్రగాడు, ఒకరు యోధుడు, ఒకరు దొంగ అవుతారు. తలుపు తెరిచానని నోటితో అంటే తెరిచినట్టే. లోపలేముందో ఆట నడిపించేవాడు చెబుతాడు, దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అక్కడ ఆడటమంటే అచ్చంగా పలకడమే! ఆ లోకాన్ని పట్టుకునే రిచ్ బర్లూ 2003లో ఆర్డర్ ఆఫ్ ద స్టిక్ అనే హాస్య బొమ్మలకథ మొదలుపెట్టాడు. గుండ్రటి తలలూ పుల్లల చేతులూ ఉన్న మనుషులు కత్తులు దూస్తూనే తమ లోకం ఏ నియమాల మీద నడుస్తోందో చర్చించుకుంటారు. తొలి పుటలోనే ఆట నియమాలు మారిపోతే అది వాళ్ళకి తెలిసిపోతుంది. ఆ ఘట్టం చదివితే నాకు కేతిగాడే గుర్తొస్తాడు.

డంజియన్స్ లాంటి ఆటకి తెలుగులో 'పాత్రధారణ క్రీడ' అని పేరు కట్టడం నాకు నచ్చదు. వేషం, పందెం, పలుకు మూడూ ఆటలో ముందునుంచీ ఉన్నాయి. క్రీడలో పలుకు లేదు.

నా బెంగల్లా బంగారక్క గురించే. తెల్లవార్లూ సాగే తోలుబొమ్మలాటని గంటకి కుదించమంటే, కథకి అక్కర్లేదని తీసెయ్యడానికి వీలుగా కనబడేది ఈ హాస్యగాళ్ళే. రామాయణం ద్విపద పుస్తకంలో ఉంది, ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. కేతిగాడి మాటలు ఆ రాత్రి, ఆ ఊరి కోసం, బొమ్మ పట్టినవాడి నోట పుట్టేవి. గంట ఆటలోనైనా వాళ్ళకి పావుగంట ఇవ్వాలి.