ఎరుపు, తెలుపు, నీలం కార్డు వెనక కథ

పోయిన నెల సంఘం మీటింగు అయిపోయి అందరం కాఫీ తాగుతుంటే, మన పెద్దల్లో ఒకరు నన్ను పక్కకి పిలిచి చేతిలో ఒక కవరు పెట్టారు. ఆవిణ్ణి అందరం అక్కా అనే పిలుస్తాం. న్యూజెర్సీలో కొడుకు ఇంటికి వచ్చిన కాగితాలట. "ఏమబ్బా, నువ్వు ఇట్లాంటివన్నీ చదువుతుంటావు కదా. వాడేమో ఏదో ఒకటి తీసేసుకో అమ్మా అంటాడు. ఇందులో చూస్తే ఏ, బీ, సీ, డీ అని రాసుంది. ఏబీసీడీలు చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నాం, డెబ్బై దగ్గరకొచ్చాక మళ్లీ నేర్చుకోవాలా?" అన్నారు.

నవ్వేశాను గానీ ఆ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదు. బెంగళూరు, హొసూరు, మద్రాసు, బరంపురం, షోలాపూరు, యానాం, ఎక్కడి తెలుగు సంఘాన్ని చూసినా ఇప్పుడు ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వెళ్లిన అమ్మానాన్నలు కొందరు. అక్కడే నలభై ఏళ్లు ఉద్యోగం చేసి ఇటు తిరిగి వద్దామని చూస్తున్నవాళ్లు కొందరు. వీళ్లందరికీ 65 ఏళ్ల దగ్గర ఒకే తలుపు ఎదురవుతుంది. దాని పేరు మెడికేర్. ఆ తలుపు దగ్గర చేసే ఎంపికను తర్వాత మార్చుకోవడం చాలాసార్లు కుదరదు. ఆ నాలుగు అక్షరాలు ఒక్కసారి పుట్టినవి కావు. ఏది ఎందుకు పుట్టిందో తెలిస్తే తప్ప ఏది పట్టుకోవాలో అర్థం కాదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

1945 నవంబరులో అధ్యక్షుడు ట్రూమన్ దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఉండాలని అక్కడి పార్లమెంటును, అంటే కాంగ్రెస్‌ను అడిగాడు. అమెరికా డాక్టర్ల సంఘం అడ్డం పడింది. ఇది సోషలిజం, డాక్టర్లు సర్కారు గుమాస్తాలు అయిపోతారు అని పెద్ద ప్రచారం నడిపింది. ట్రూమన్ ఓడిపోయాడు. అందరికీ కుదరకపోతే కనీసం ముసలివాళ్లకైనా ఇద్దాం అని తర్వాతివాళ్లు పట్టు సడలించారు. అప్పట్లో 65 దాటినవాళ్లలో దాదాపు సగం మందికి ఆస్పత్రి బీమా లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు కంపెనీ బీమా ఉండేది. రిటైరైతే అదీ పోయేది. బీమా కంపెనీలకు కావలసింది జబ్బు పడనివాళ్లు కదా. 1961లో ఈ ప్రయత్నాన్ని కూడా ఆపడానికి డాక్టర్ల సంఘం ఒక గ్రామఫోన్ రికార్డు చేయించి, డాక్టర్ల భార్యల చేత ఇళ్లల్లో కాఫీ పార్టీలు పెట్టించి వినిపించింది. ఆ రికార్డులో మాట్లాడింది అప్పటి సినిమా నటుడు రోనాల్డ్ రీగన్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1964 ఎన్నికల్లో జాన్సన్ భారీగా గెలిచాడు. అప్పుడు చట్టసభలో పన్నుల కమిటీ ఛైర్మన్ విల్బర్ మిల్స్ అని ఒకాయన. మహా లెక్కల మనిషి. ఆయన ముందు మూడు బిల్లులున్నాయి. డెమోక్రాట్లది ఆస్పత్రి ఖర్చుకు మాత్రమే, జీతాల మీద పన్నుతో. రిపబ్లికన్ బైర్న్స్‌ది డాక్టరు ఫీజుకు, ఇష్టమున్నవాళ్లు ప్రీమియం కట్టుకునేట్టు. డాక్టర్ల సంఘానిది పేదవాళ్లకు మాత్రమే. మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకుంటాడని అందరూ ఎదురుచూస్తుంటే, మిల్స్ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మూడంతస్తుల కేకు అన్నారు దాన్ని. మొదటిది పార్ట్ ఏ, రెండోది పార్ట్ బీ, పేదలది మెడికెయిడ్. మన అక్కను కంగారు పెట్టిన మొదటి రెండు అక్షరాలు ఆ పేర్పులో పుట్టినవే. ఒకటి పనిచేసిన కాలంలో పన్నుగా కట్టినందుకు వచ్చేది, రెండోది నెలనెలా డబ్బు కడితే వచ్చేది. ఆ తేడా ఈ రోజుకీ అలాగే ఉంది.

1965 జులై 30న జాన్సన్ మిస్సోరిలోని ఇండిపెండెన్స్ ఊరికి స్వయంగా వెళ్లి, ట్రూమన్ పక్కన కూర్చుని చట్టం మీద సంతకం చేశాడు. మొదటి కార్డు ట్రూమన్‌కే ఇచ్చారు, రెండోది ఆయన భార్యకు. అప్పటికి ఆయనకు 81 ఏళ్లు. ఇరవై ఏళ్ల క్రితం ఓడిపోయిన మనిషికి అది దక్కింది. 1966 జులై 1 నుంచి అమలు. పార్ట్ బీ ప్రీమియం నెలకు 3 డాలర్లు, ప్రభుత్వం ఇంకో 3 డాలర్లు వేసేది. నూటికి తొంభై మందికి పైగా పెద్దవాళ్లు చేరిపోయారు.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. దక్షిణాది రాష్ట్రాల ఆస్పత్రుల్లో అప్పటికి నల్లవాళ్లకు వేరే వార్డులు, కొన్నిచోట్ల అసలు ప్రవేశమే లేదు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం వివక్ష చూపే ఆస్పత్రికి కేంద్రం డబ్బు ఇవ్వకూడదు. మెడికేర్ డబ్బు కావాలంటే గోడలు తీసేయాలి. ఎన్నో దశాబ్దాలుగా కదలని గోడలు కొన్ని నెలల్లో కదిలాయి. ఆరోగ్య బీమా అనగానే మనం ప్రీమియం గురించే ఆలోచిస్తాం. దాని మొదటి ఏడాదిలో జరిగిన పెద్ద పని ఇదని నా అభిప్రాయం.

ఇక మనవాళ్ల సంగతి. మెడికేర్ చట్టం వచ్చిన రెండు నెలలకే, 1965 అక్టోబరు 3న, అదే జాన్సన్ వలస చట్టం మీద సంతకం చేశాడు. దేశాల వారీ కోటాలతో ఆసియావాళ్లను దాదాపుగా బయట పెట్టిన పాత పద్ధతి పోయింది. రెండూ కలిపి చూడండి. ఒక చట్టంతో లక్షల మంది పెద్దవాళ్లకు ఆస్పత్రికి వెళ్లే స్తోమత వచ్చింది, డాక్టర్లు చాలలేదు. ఆస్పత్రుల్లో శిక్షణ పొందే కుర్ర డాక్టర్ల ఖర్చులో వాటా కూడా మెడికేరే ఇచ్చింది. రెండో చట్టం బయటి డాక్టర్లకు తలుపు తీసింది. విశాఖ, గుంటూరు, మద్రాసు, బెంగళూరు మెడికల్ కాలేజీల నుంచి మనవాళ్లు విమానాలెక్కింది ఆ తలుపులోంచే. ఇక్కడి ప్రజల డబ్బుతో చదువుకుని అక్కడి పెద్దవాళ్లకు వైద్యం చేశారన్న బాధ ఉంది, నాకూ ఉంది. కానీ ఆ తరం డాక్టర్లు ఇప్పుడు తామే కార్డుదారులయ్యారు.

మళ్లీ అక్షరాల దగ్గరికి వద్దాం. 1965 చట్టంలో ఒక చిల్లు ఉండిపోయింది. పార్ట్ బీ డాక్టరు ఖర్చులో 80 శాతం ఇస్తుంది, 20 శాతం మనది. ఆ 20 శాతానికి పైన హద్దు లేదు. వంద డాలర్ల బిల్లుకు 20 డాలర్లు ఎవరైనా కడతారు. క్యాన్సర్ మందులు ఎక్కించే బిల్లులో 20 శాతం అంటే ఇల్లు అమ్ముకోవాలి. ఆ చిల్లు పూడ్చడానికి ప్రైవేటు కంపెనీలు మెడిగ్యాప్ పాలసీలు అమ్మడం మొదలుపెట్టాయి. ఇంటింటికీ తిరిగే ఏజెంట్లు ఒకే ముసలావిడకు ఒకే పనిచేసే పాలసీలు రెండు మూడు అంటగట్టిన కేసులు బయటపడ్డాయి. 1980లో కొంత కట్టడి చేశారు. 1990 చట్టంతో పది రకాల పాలసీలే ఉండాలి, ఏ నుంచి జే దాకా, ఏ కంపెనీ అమ్మినా ఒక అక్షరానికి ఒకే ప్రయోజనాలు ఉండాలి అన్నారు. పార్టుల అక్షరాలు చాలవన్నట్టు ప్లాన్లకూ అక్షరాలు పెట్టారు! పార్ట్ బీ వేరు, ప్లాన్ బీ వేరు. అక్క కంగారులో సగం ఇక్కడిదే.

1988లో ఆ చిల్లును పూర్తిగా మూసే చట్టమే ఒకటి వచ్చింది. ఏడాదికి ఇంతకు మించి రోగి కట్టనక్కర్లేదని హద్దు, మందులకు సాయం. సంతకం చేసింది ఎవరనుకున్నారు? అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్. అయితే ఖర్చంతా పెద్దవాళ్లే మోయాలి, ఆదాయం ఉన్నవాళ్లు ఏడాదికి 800 డాలర్ల దాకా అదనంగా కట్టాలి అన్నారు. కంపెనీ పెన్షన్లతో అప్పటికే ఆ సదుపాయాలున్నవాళ్లకు ఒళ్లు మండింది. 1989 ఆగస్టులో షికాగోలో, పన్నుల కమిటీ ఛైర్మన్ రోస్టెన్‌కౌస్కీ కారును పెద్దవాళ్లు చుట్టుముట్టారు. ఒకావిడ బానెట్‌కు అడ్డం పడింది. ఆయన కారు దిగి పరుగెత్తాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికి చట్టం రద్దయింది. చిల్లు అలాగే మిగిలింది, ఇప్పటికీ అసలు మెడికేర్‌లో ఆ హద్దు లేదు. ఈ రోజు మన పెద్దవాళ్లు రెండు దారుల మధ్య నిలబడడానికి మూలం ఇదే.

రెండో దారి అప్పటికే పడుతోంది. 1982 చట్టం ప్రకారం, ప్రైవేటు కంపెనీ ఒక పెద్దమనిషి వైద్యం మొత్తం చూసుకుంటే ప్రభుత్వం దానికి నెలకు కొంత ఇస్తుంది. ఎంత? ఆ కౌంటీలో, అంటే మన తాలూకా జిల్లా లాంటిదనుకోండి, మామూలు మెడికేర్‌కు మనిషికి అయ్యే సగటులో 95 శాతం. మయామీ వైపు వైద్యం ఖర్చు ఎక్కువ కాబట్టి అక్కడ కంపెనీలకు డబ్బు ఎక్కువ, కళ్లజోళ్లూ మందులూ కలిపి ఇచ్చేవాళ్లు. మిన్నెసోటా పల్లెల్లో ఖర్చు తక్కువ, అక్కడ కంపెనీలు అడుగే పెట్టలేదు. లెక్కలు తర్వాత చాలాసార్లు మారినా కౌంటీ మాత్రం పోలేదు. డల్లాస్‌లో ఉన్న బావగారు చెప్పిన ప్లాన్ న్యూజెర్సీలో అక్కకు పనికిరాకపోవడానికి కారణం అది. పక్క కౌంటీకి ఇల్లు మారినా ప్లాన్ మారిపోవచ్చు. వాట్సాప్‌లో సలహాలు ఇచ్చేవాళ్లు దయచేసి ఇది గుర్తుంచుకోండి.

1997లో ఈ దారికి పార్ట్ సీ అని పేరొచ్చింది. 2003లో దాన్నే మెడికేర్ అడ్వాంటేజ్ అన్నారు. ఆ 2003 చట్టమే పార్ట్ డీ తెచ్చింది, మందుల బీమా. తెల్లవారుజామున మొదలైన ఓటింగును దాదాపు మూడు గంటలు సాగదీసి గెలిపించారు. ప్రభుత్వం మందుల ధర బేరమాడకూడదని ఆ చట్టంలోనే రాసుకున్నారు! 2022లో గానీ ఆ ముడి కొంత విప్పలేదు. ఇన్సులిన్ నెలకు 35 డాలర్లకు మించకూడదు, 2025లో మందులకు మన చేతి ఖర్చు 2,000 డాలర్లు దాటకూడదు అని వచ్చింది. షుగరు ఇంటికొకరికి ఉన్న మన జాతికి ఇది చిన్న మాట కాదు.

2023 నాటికి మెడికేర్‌లో ఉన్నవాళ్లలో సగానికి పైగా అడ్వాంటేజ్ వైపు వెళ్లారు. ఎందుకు వెళ్లరు? చాలా ప్లాన్లకు పార్ట్ బీ మీద అదనపు ప్రీమియం సున్నా. పళ్లు, కళ్లజోడు, ఖర్చుకు హద్దు కూడా. బదులుగా వాళ్ల నెట్‌వర్కులో ఉన్న డాక్టర్ల దగ్గరికే వెళ్లాలి, పెద్ద వైద్యానికి ముందు అనుమతి అడగాలి.

మద్రాసులో చదివి 1971లో వెళ్లిన ఒక డాక్టరుగారు నాకు తెలుసు. పేరొద్దు. ఆయన 65కి ఫ్లోరిడాలో సున్నా ప్రీమియం ప్లాన్ తీసుకున్నారు. ఎనిమిదేళ్లు హాయిగా గడిచింది. తర్వాత క్యాన్సర్. తాను వెళ్లదలచిన ఆస్పత్రి నెట్‌వర్కులో లేదు. సరే, అసలు మెడికేర్‌కే తిరిగి వెళదామనుకున్నారు, ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 లోపు ఆ మార్పుకు హక్కుంది. కానీ ఆ 20 శాతానికి మెడిగ్యాప్ కావాలి కదా. 65 దాటి పార్ట్ బీ మొదలైన మొదటి ఆరు నెలలే కంపెనీ కాదనడానికి వీల్లేదు. తర్వాత చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం అడిగి, కాదనొచ్చు. అడిగారు, కాదన్నారు. "నలభై ఏళ్లు మెడికేర్ బిల్లులు నేనే రాశాను. ఈ ఆరు నెలల సంగతి నాకు తెలియదయ్యా" అన్నారాయన పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు. న్యూయార్క్, కనెక్టికట్ లాంటి నాలుగైదు చోట్ల ఈ బాధ లేదు. న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియా వాళ్లకు ఉంది.

ఇక అక్క సంగతి. అమెరికాలో పది సంవత్సరాలు, అంటే 40 క్వార్టర్లు, పన్ను కట్టినవాళ్లకు పార్ట్ ఏ ఉచితం. భార్య లేక భర్త కట్టినా చెల్లుతుంది. కొడుకు కట్టింది అమ్మకు చెల్లదు. గ్రీన్ కార్డుతో ఏకధాటిగా ఐదేళ్లు అక్కడ ఉన్నాక ఆవిడ కొనుక్కోవచ్చు. 2025 లెక్కలో పార్ట్ ఏ నెలకు 518 డాలర్లు, పార్ట్ బీ 185. ఆ ఐదేళ్లలో పెళ్లిళ్లకూ పురుళ్లకూ వచ్చి నెలల తరబడి ఇక్కడ ఉండిపోతే లెక్కకే మోసం రావచ్చు. ఐదేళ్లు నిండిన నెల చుట్టూ ఏడు నెలల గడువు, మూడు ముందు, మూడు తర్వాత. అది దాటితే పార్ట్ బీకి ప్రతి పూర్తి ఏడాది ఆలస్యానికీ 10 శాతం జరిమానా, జీవితాంతం.

తిరిగి వచ్చేద్దామనుకునే అన్నలకు కూడా ఒక మాట. మెడికేర్ సముద్రం దాటి రాదు. బెంగళూరులో గుండె ఆపరేషన్‌కు అది పైసా ఇవ్వదు. కొన్ని మెడిగ్యాప్ ప్లాన్లు ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో వచ్చే అత్యవసరానికి కొంత ఇస్తాయి, అంతే. పార్ట్ బీ వదిలేస్తే నెలనెలా ఆ ప్రీమియం మిగులుతుంది, మళ్లీ వెళితే జరిమానా. ఉంచుకుంటే వాడని దానికి కట్టడం. మీ పిల్లలు అక్కడే ఉన్నారా, చివరికి ఎవరి దగ్గర ఉంటారు అన్నది ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, ఏజెంటుతో కాదు.

ఆ 1990 చట్టంలోనే ఒక మంచి పని జరిగింది. కమిషన్ లేకుండా ఉచితంగా సలహా చెప్పే మనుషుల్ని ప్రతి రాష్ట్రంలో పెట్టారు. షిప్ అంటారు, కాలిఫోర్నియాలో హైక్యాప్, ఫ్లోరిడాలో షైన్. చాలామంది రిటైరైన వలంటీర్లే. అక్క కొడుక్కి ఈ సంగతి ఫోన్‌లో చెప్పాను. తన కౌంటీలో ఎక్కడ కూర్చుంటారో కనుక్కుంటానన్నాడు. అక్కకు వచ్చే ఏప్రిల్‌కు ఐదేళ్లు నిండుతాయి. అంటే జనవరి నుంచి గడువు. ఆవిడ నా దగ్గర పెన్ను తీసుకుని కవరు వెనకాల "జనవరి" అని పెద్ద అక్షరాలతో రాసుకుని, "టికెట్టు డిసెంబరుకే మార్పించాలి అయితే" అంటూ లేచారు.