బిఫ్ వై, బిఫ్ ఎన్

తొంభైల మొదట్లో మా కాలేజీ కంప్యూటర్ గదిలో పచ్చ అక్షరాల టెర్మినళ్లు ఉండేవి. ఒక సాయంత్రం వీఐ ఎడిటర్‌లో సీ ప్రోగ్రాం కొట్టుకుంటుంటే బీప్‌మని మోగి, సరిగ్గా నా ఫర్ లూప్ మీదే ఎవరిదో ఉత్తరం వచ్చి పడింది. పంపినవాడి పేరు, తేదీ, కింద నాలుగు ముక్కలు. ఫైలు పోయిందనుకుని చెమటలు పట్టాయి.

పక్క సీట్లో సీనియర్ నవ్వాడు. "ఫైలుకేం కాలేదురా, తెర మీద పడిందంతే. కంట్రోల్ ఎల్ కొట్టు."

కొట్టాను. ఉత్తరం మాయం, లూప్ ప్రత్యక్షం.

"లాగిన్ ఫైల్లో బిఫ్ వై అని రాసుకున్నది నువ్వే కదా?"

"ఎవరో రాసుకుంటే చూసి కొట్టానన్నా, అదేంటో తెలీదు."

బిఫ్ అంటే కుక్క. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో హైడీ స్టెట్నర్ పెంచుకున్న కుక్క. 1980లో వచ్చిన 4.0 బీఎస్‌డీ యూనిక్స్‌లో, కొత్త మెయిల్ వస్తే చెప్పే ప్రోగ్రాంకి జాన్ ఫొడెరారో దాని పేరు పెట్టాడు. పోస్ట్‌మన్‌ని చూస్తే మొరిగేది కాబట్టి ఆ పేరని చాలాచోట్ల రాశారు. అదంతా కట్టుకథేనని హైడీయే చెప్పింది. కథ మాత్రం ఇంకా బతికే ఉంది.

లోపల జరిగేది తమాషాగా ఉంటుంది. యూనిక్స్‌లో టెర్మినల్ కూడా ఒక ఫైలే. ఫైలుకి చదివే అనుమతి, రాసే అనుమతి, నడిపే అనుమతి ఉంటాయి. టెర్మినల్‌ని ప్రోగ్రాంలా ఎవరూ నడపరు గనక ఆ మూడో అనుమతి ఊరికే పడి ఉంది. బిఫ్ వై అంటే దాన్ని వెలిగించడం, బిఫ్ ఎన్ అంటే ఆర్పడం. కామ్‌శాట్ అనే ప్రోగ్రాం అది వెలిగి ఉందో లేదో చూసి, ఉంటేనే ఉత్తరంలో మొదటి ఏడు వరుసలో, 560 అక్షరాలో తెర మీద పోసేది. పోసే పద్ధతి మోటే, నా లూపే సాక్షి. కానీ పిలిస్తేనే వచ్చేది. ఆ మర్యాద తర్వాత వచ్చిన కబురు ప్రోగ్రాంలలో చాలావాటికి అబ్బలేదు.

విండోలున్న తెరలు వచ్చాక ఎక్స్‌బిఫ్ వచ్చింది. మూలన చిన్న తపాలా డబ్బా బొమ్మ. ముప్పై సెకన్లకోసారి చూసుకుని, ఉత్తరముంటే జెండా ఎత్తేది, నొక్కితే దించేది. అసలు అమెరికాలో ఇంటివాళ్లు జెండా ఎత్తేది తాము పంపే ఉత్తరం తీసుకెళ్లమని. ఇక్కడ తిరగబడింది. మాకు ఆ డబ్బానే తెలియదు కాబట్టి మేమెవరం పట్టించుకోలేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం తెర మీద లేనే లేదు. జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో నటాలీ జెరెమిజెంకో పైకప్పుకి చిన్న మోటారు బిగించి, ఎనిమిది అడుగుల ప్లాస్టిక్ తీగ వేలాడదీసింది. మోటారుని పక్కనున్న ఈథర్‌నెట్ కేబుల్‌కి కలిపింది. నెట్‌వర్క్ ఖాళీగా ఉంటే తీగ కొన్ని సెకన్లకోసారి ఉలిక్కిపడేది, రద్దీగా ఉంటే గిరగిరా తిరిగి చప్పుడు చేసేది. 1995లో మార్క్ వైజర్, జాన్ సీలీ బ్రౌన్ మన ధ్యాస లాక్కోకుండా పక్కనే ఉండి కబురు చెప్పే ప్రశాంత సాంకేతికత గురించి రాస్తూ దీన్నే ఉదాహరణగా చూపారు. ఇరవై ఏళ్లు సర్వర్లు కాసినవాణ్ణి, ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్యాన్ల మోత మారితే అన్నం తింటున్నవాణ్ణి లేచేవాణ్ణి.

తర్వాత విండోస్ 2000లో టాస్క్‌బార్ మూల నుంచి కబుర్లు చెప్పే పసుపు బుడగలు లేచాయి. 2004లో మాక్‌కి బయటివాళ్లు గ్రౌల్ అనే కబురు ప్రోగ్రాం చేశారు. ఏ ప్రోగ్రాం మాట్లాడాలో, ఏది నోరు మూసుకోవాలో అందులో మనమే ఎంచుకోవచ్చు. బిఫ్ ఎన్ మళ్లీ పుట్టిందన్నమాట.

2009 ఏప్రిల్లో ఉబుంటు 9.04 ఇంకో అడుగు వేసి, బుడగకి బటన్లే తీసేసింది. మౌస్ దగ్గరికి తెస్తే బుడగ పలచబడి, నొక్కిన నొక్కు కింది విండోకి పోయేది. మా ఆఫీసులో పెద్దాయన ఒకాయన కేకేశాడు.

"ఏమయ్యా, ఇది చావట్లేదు, ఇంటూ గుర్తు ఎక్కడ?"

"లేదండీ. దాని గుండా నొక్కండి, కింద ఉన్నదానికే తగులుతుంది."

నొక్కాడు. కింద ఉన్నది మెయిల్ డిలీట్ బటన్.

"చూశావా?" అన్నాడు.