పట్టీకెక్కిన పేర్లు: హైదరాబాదు హిజ్రాల చరిత్రలో నూరేళ్ళు

తెలుగునాడుకు వెలుపల పుట్టి పెరిగిన విద్యార్థులు తరగతిలో మమ్మల్ని ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటుంది. మగబిడ్డ పుట్టాడని అందరూ అనుకొన్న మనిషి ఆడమనిషిగా బతికితే ఆ మనిషిని తెలుగులో ఏమని పిలవాలి? హోసూరు విద్యార్థికి తమిళం నుంచి ‘తిరునంగై’ అనే మాట తెలుసు. బళ్ళారి విద్యార్థికి కన్నడం నుంచి ‘మంగళముఖి’, ‘జోగప్ప’ తెలుసు. షోలాపూరు నుంచి వచ్చినవారు మరాఠీలోని ‘తృతీయపంథీ’ చెప్పారు. ‘మరి మన తెలుగులో?’ అంటే, ఇంట్లో విన్న మాటలు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకంటే అవన్నీ తిట్లు.

గౌరవంగా పిలవడానికి మాట లేకపోవడం నిఘంటువు లోపం మాత్రమే కాదు. దాని వెనక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో హైదరాబాదుకు చెందిన ఒక ఘట్టాన్ని, దాని చుట్టూ సాగిన నిత్యజీవితాన్ని ఈ వ్యాసంలో పరిశీలిస్తాము.

ముందు పాత మాటలు చూద్దాం. విరాటపర్వంలో తిక్కన బృహన్నల విషయంలో ‘పేడి’ అనే మాట వాడాడు. ఇది తెలుగుకు మాత్రమే చెందిన మాట కాదు. తమిళంలోనూ ఉంది; శిలప్పదికారంలో మాధవి ఆడే పదకొండు ఆటల్లో పేడి రూపంలో ఆడేది ఒకటి. కన్నడంలో పదాది పకారం హకారమైంది. మన ‘పాలు’ వాళ్ళకు ‘హాలు’ అయినట్లే ‘పేడి’ ‘హేడి’ అయింది. నేటి కన్నడంలో హేడి అంటే పిరికివాడు. మలయాళంలో పేడి అంటే భయం. మనిషి తీరును చెప్పే మాటకూ పిరికితనాన్ని చెప్పే మాటకూ ఇలా ముడి పడింది.

రెండో మాట మనవాళ్ళు తిట్టుగా వాడే ‘కొజ్జా’. ఇది ‘ఖోజా’ నుంచి, అది పారశీకంలోని ‘ఖ్వాజా’ నుంచి వచ్చాయి. ఖ్వాజా అంటే ప్రభువు, పెద్దమనిషి. మొగలు దర్బారుల్లో అంతఃపురాల బాధ్యత చూసిన అధికారులను ఖ్వాజాసరాలు అనేవారు. ఒకప్పుడు దొరతనాన్ని చెప్పిన మాట మన వీధుల్లో రాళ్ళతోపాటు విసిరే మాటగా దిగజారింది. మాట దిగజారిందంటే ఆ మాటతో పిలిపించుకొనే మనిషి స్థానం దిగజారిందని అర్థం. ఆ పని ఎలా జరిగిందో చట్టాలు చెబుతాయి.

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. ఆ చట్టంలో జాతుల గురించిన భాగం మనవాళ్ళకు తెలిసిందే. రెండో భాగం ‘యూనక్కుల’ గురించి అన్న సంగతి చాలామందికి తెలియదు. మొదట వాయవ్య పరగణాలు, ఔధ్, పంజాబులకు వర్తించిన ఈ చట్టం ప్రకారం, పిల్లలను ఎత్తుకుపోతారనీ, వాళ్ళకు అంగచ్ఛేదం చేస్తారనీ అనుమానం ఉన్నవారి పేర్లు, నివాసాలు, ఆస్తులు పట్టీలో రాయాలి. పట్టీకెక్కిన మనిషి ఆడబట్టలు కట్టి వీధిలోకి వచ్చినా, బహిరంగంగా పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ళదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వాళ్ళు వీలునామా రాయడానికి గాని, దానం ఇవ్వడానికి గాని, దత్తత తీసుకోవడానికి గాని వీలులేదు.

దాదాపు ఇదే ధోరణిలో నిజాం ప్రభుత్వం ఫసలీ 1329లో, అంటే 1919లో, హైదరాబాదులో ఒక చట్టం చేసింది. నగరంలో ఉండే హిజ్రాల పట్టీ, ఆడవేషానికీ ఆటపాటలకూ అరెస్టు, రెండేళ్ళ శిక్ష ఇందులోనూ ఉన్నాయి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బిడ్డ పుట్టిన ఇంటా పెళ్ళి జరిగిన ఇంటా పాడి, ఆడి, దీవించి, ఇచ్చింది తీసుకోవడం హిజ్రాల సంప్రదాయ వృత్తి. దాన్ని ‘బధాయి’ అంటారు. చీర కట్టుకోవడం వాళ్ళ స్వభావం, ఆడిపాడడం వాళ్ళ అన్నం. చట్టం ఈ రెంటినీ నేరాల్లో చేర్చింది. చేసిన తప్పుకు కాదు, బతికిన తీరుకు శిక్ష.

అలాంటి చట్టం కింద మనుషులు ఎలా నిలబడ్డారు? ఇళ్ళు కట్టుకొని నిలబడ్డారు. ఇల్లు అంటే గోడలు కాదు, వరసలు. హైదరాబాదు హిజ్రాల్లో ‘లష్కర్‌వాలా’, ‘షెహర్‌వాలా’ అని రెండు ఇళ్ళున్నాయి. లష్కర్ అంటే సైన్యం. కంటోన్మెంటు ఉన్న సికిందరాబాదుకు అది వాడుక పేరు. షెహర్ అంటే పాత నగరం. జంటనగరాల చరిత్ర మొత్తం ఈ రెండు ఇంటిపేర్లలో ఉంది. పుట్టింటినుంచి గెంటబడ్డ పిల్ల ఒక గురువు దగ్గర చేలాగా చేరుతుంది. గురువుకు గురువు, చేలాకు చేలా, ఒకే గురువు దగ్గరి గురుభాయిలు, పాలబిడ్డగా స్వీకరించిన కూతుళ్ళు, ఇలా ఒక పూర్తి చుట్టరికం ఏర్పడుతుంది. 1990లలో హైదరాబాదులో క్షేత్రపరిశోధన చేసిన గాయత్రీ రెడ్డి 2005లో ప్రచురించిన గ్రంథంలో ఈ వరసలనూ, ‘ఇజ్జత్’ అనే మాటకు అక్కడున్న బరువునూ వివరంగా చర్చించారు.

ఈ ఏర్పాటును మరీ అందంగా చిత్రించడం మా ఉద్దేశం కాదు. గురువుకు సంపాదనలో వాటా ఇవ్వాలి. కట్టు తప్పితే తప్పు కట్టాలి. అయినా జ్వరం వస్తే కాచేది ఆ ఇల్లే. చనిపోతే శవాన్ని మోసేదీ ఆ ఇల్లే. దత్తత హక్కు లేదని చట్టం రాసింది. వాళ్ళు ఏ కాగితమూ లేకుండానే తరతరాలు దత్తత తీసుకొంటూ వచ్చారు.

నేరస్థ జాతుల చట్టాలు 1952లో దేశమంతటా రద్దయ్యాయి. హైదరాబాదు చట్టం వేరే చట్టంగా పుస్తకాల్లో మిగిలిపోయింది. నిజాం పాలన 1948లో ముగిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2014లో తెలంగాణ ఏర్పడింది. ప్రతిసారీ చట్టం పేరు ముందు రాష్ట్రం పేరు మారింది గాని లోపలి మాటలు మారలేదు. 2018లో వైజయంతి వసంత మొగ్లి తదితరులు దీన్ని హైకోర్టులో సవాలు చేశారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డిల ధర్మాసనం ఈ చట్టం రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. అప్పటికి దానికి నూటనాలుగేళ్ళు.

పాత మాటలు ఎంత మొండివో కర్ణాటకలోని విద్యార్థులకు తెలియాలి. 2011లో ఆ రాష్ట్ర పోలీసు చట్టంలో 36ఎ అనే సెక్షన్ చేర్చి, ‘యూనక్కుల’ పట్టీని మళ్ళీ తెచ్చారు. కోర్టులో సవాలు చేసిన తరువాత ఆ మాట తీసి ‘వ్యక్తులు’ అని మార్చారు. అదే రాష్ట్రం 2021లో ప్రభుత్వోద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు ఒక శాతం కేటాయించి దేశానికి దారి చూపింది. ఆ ఏడే జోగతి నృత్య కళాకారిణి మంజమ్మ జోగతికి పద్మశ్రీ లభించింది.

తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ మండలిని ఏర్పాటు చేసింది. అక్కడ ‘తిరునంగై’ ప్రభుత్వ కాగితాలకెక్కింది. మాట మారితే బతుకు మారదనేవారున్నారు. నిజమే, మాట ఒక్కటే చాలదు. కాని రేషను కార్డు కోసం వరసలో నిలుచున్న మనిషిని గుమాస్తా ఏ మాటతో పిలిచాడన్నదాన్నిబట్టి ఆ మనిషి మరునాడు మళ్ళీ వస్తుందో రాదో తేలుతుంది. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు. దానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. తెలుగు ఇళ్ళలో తిట్లుగా మాత్రమే వినబడిన జీవితం, ‘నేను’ అంటూ తెలుగులో మాట్లాడిన పుస్తకాల్లో ఇది ముఖ్యమైనది.

2011 జనాభా లెక్కల్లో మొదటిసారి స్త్రీ, పురుష గళ్ళ పక్కన ‘ఇతరులు’ అనే గడి వచ్చింది. దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆ గడిలో చేరారు. చెప్పుకోవడానికి భయపడినవారు ఈ లెక్కలో లేరు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తన లింగమేదో చెప్పుకొనే హక్కు ఆ మనిషిదేనని తీర్పు ఇచ్చింది. ఆడపిల్లగా పెరిగి మగవాడిగా బతికేవారికీ ఆ తీర్పు వర్తించింది. పాత పట్టీల్లో వాళ్ళ జాడే లేదు. 2019 చట్టం జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే ధ్రువపత్రాన్ని ప్రవేశపెట్టింది. ఒకనాడు అనుమానించడానికి పేరు రాసుకొన్న ప్రభుత్వం, గుర్తించడానికి పేరు రాయవలసి వచ్చింది.

అయినా ధ్రువపత్రం చూపిన వెంటనే అద్దె ఇల్లు దొరకదు. బడి సర్టిఫికెట్టులో ఒక పేరు, ఎదుట మరొక రూపం ఉంటే ఉద్యోగపు మాటలు అక్కడే ఆగుతాయి. ఆసుపత్రిలో ఏ వార్డులో పడుకోబెట్టాలనే చర్చ ముగిసేదాకా రోగి బల్లమీదే ఉంటుంది. ఈ తలుపులు తెరిచేది కోర్టు కాదు. ఇంటి యజమాని, గుమాస్తా, హెడ్‌మాస్టరు, నర్సు తెరవాలి. మీలో చాలామంది రేపు ఆ కుర్చీల్లోనే కూర్చుంటారు.

2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసు విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు సహాయకులుగా చేరారు. 1919 చట్టం ప్రకారం ఏ నగర వీధుల్లో చీర కట్టుకొని నిలుచోవడం నేరమో, ఆ నగరంలోనే వాళ్ళు యూనిఫాం వేసుకొని కూడలిలో నిలబడి బండ్లు ఆపుతున్నారు.

ఇక మొదటి ప్రశ్నకు మా జవాబు. తెలుగులో స్థిరపడిన మాట ఇంకా లేదు. ‘హిజ్రా’ను కొందరు సగర్వంగా చెప్పుకొంటారు, కొందరు ‘ట్రాన్స్‌జెండర్’ అంటారు. ఎదుటి మనిషిని అడిగి, ఆమె చెప్పిన పేరుతోనే పిలవండి. ‘అమ్మా’, ‘అక్కా’ అనే వరసలు మన భాషలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని ఎవరికైనా వాడవచ్చు.