అమీర్‌పేటలో పగటి నిద్ర

2000లో దేశంలోని ఆరు నగరాల్లో 20 ఏళ్లు దాటినవారికి షుగర్ పరీక్షలు చేశారు. జాతీయ పట్టణ మధుమేహ సర్వే అది. ముంబైలో 9.3 శాతం మందికి, ఢిల్లీలో 11.6, కోల్‌కతాలో 11.7, బెంగళూరులో 12.4, చెన్నైలో 13.5 శాతం మందికి మధుమేహం ఉందని తేలింది. హైదరాబాద్‌లో 16.6. ఆరింటిలో మొదటి స్థానం మనది. అప్పటికి నేను అమీర్‌పేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున షట్టర్ ఎత్తేసరికే ఫాస్టింగ్ శాంపిల్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్లు.

మా ఫారంలో పేరు, వయసు, బరువు, ఇంట్లో ఇంకెవరికైనా షుగర్ ఉందా అనే గడులు ఉండేవి. ఎప్పుడు పడుకుంటారు, ఎప్పుడు లేస్తారు అనే గడి లేదు. అన్నం, తీపి, వంశం, నడక లేకపోవడం, ఇవన్నీ కారణాలే. కానీ ఈ పేటలో షుగర్ ఎలా పెరిగిందో చెప్పాలంటే ఇక్కడి పగటి నిద్ర ఎలా మారిందో కూడా చెప్పాలని నా నమ్మకం.

ఈ రెంటికీ ముడిపెట్టడం కొత్త సంగతి కాదు. చరక సంహిత, మధుమేహం కూడా చేరిన ప్రమేహానికి కారణాలు చెబుతూ కదలకుండా కూర్చునే సుఖాన్నీ, నిద్ర సుఖాన్నీ ముందు వరుసలో పెట్టింది. అయినా పగటి నిద్రను అందరికీ వద్దనలేదు. ఎండాకాలం రాత్రులు చిన్నవి కాబట్టి పగలు పడుకోవచ్చంది. పసివాళ్లకు, ముసలివాళ్లకు, బరువు మోసి, దారి నడిచి అలసినవాళ్లకు అనుమతి ఇచ్చింది. ఒళ్లు పెరిగినవాళ్లు, రోజూ నెయ్యి, నూనె దండిగా తినేవాళ్లు మాత్రం పగలు పడుకోకూడదంది. అంటే పడుకునేది ఎవరు, ఏ పని చేసి పడుకుంటున్నారు అన్నది చూసింది. మన నగరంలోని ముస్లిం ఇళ్లలో మధ్యాహ్నం తీసే చిన్న కునుకు, ఖైలూలా, ప్రవక్త సంప్రదాయంగా వస్తున్నది. రెండు సంప్రదాయాల్లోనూ అది పని మధ్యలో తీసుకునే విశ్రాంతే.

నా చిన్నతనంలో మా ఇంట్లో చూసిందీ అదే. 1942లో మొదలైన ఆల్విన్ లాంటి కర్మాగారాలతో సనత్‌నగర్ వైపు పరిశ్రమలు పెరిగాయి. వాటిలో పనిచేసేవాళ్లు ఎర్రగడ్డ, ఎస్సార్ నగర్, బల్కంపేట, అమీర్‌పేటల్లో కాపురాలు పెట్టారు. మా నాయిన ఆ వాడలోనే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. మొదటి షిఫ్టు ఉన్న వారం చీకటితోనే సైకిలెక్కేవాడు. మధ్యాహ్నం ఇల్లు చేరి, అన్నం తిని, చాప మీద నడుం వాల్చేవాడు. అమ్మ కూడా అంట్లు తోమి, గోడవైపు తిరిగి కాసేపు కన్ను మూసేది. ఆ నిద్రను సాగనిచ్చేవాళ్లు లేరు. గల్లీలో ఎవరో ఒకరు “నల్లా వచ్చింది” అని కేకేస్తే చాలు, వాడంతా బిందెలు పట్టుకుని లేచేది. అరగంట కునుకు పడితే అదే ఎక్కువ.

నైట్ షిఫ్టు వారం వేరుగా ఉండేది. కిటికీకి దుప్పటి కట్టి నాయిన పగలు పడుకునేవాడు. “మీ నాయిన నైట్ చేసొచ్చిండు, సప్పుడు జెయ్యకుండ్రి” అని అమ్మ మమ్మల్ని బయటికి తోలేది. ఎంత జాగ్రత్తపడ్డా ఆయన నిద్ర ముక్కలు ముక్కలుగానే ఉండేది. పక్కవారం మళ్లీ పగటి షిఫ్టు. ఒంటికి ఒక వేళ అలవాటయ్యేలోపు ఇంకో వేళ వచ్చిపడేది. యాభై దాటాక ఆయనకు షుగర్ బయటపడింది.

ఆ కాలంలో షుగర్ చూసే పద్ధతి కూడా చెప్పాలి. నేను పని నేర్చుకున్నప్పుడు చిన్న ల్యాబుల్లో బెనెడిక్ట్ పరీక్షే ఆధారం. టెస్ట్‌ట్యూబులో 5 మిల్లీలీటర్ల నీలం ద్రావణం, అందులో ఎనిమిది చుక్కల మూత్రం, కింద స్పిరిట్ ల్యాంప్. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగులు దాటి ఇటుక రంగుకు వస్తే బాగా ఉన్నట్టు. చిక్కేమిటంటే, రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే గానీ మూత్రంలోకి రాదు. అప్పటికి జబ్బు లోపల చాలా దూరం వచ్చి ఉంటుంది. “తిన్నాక మత్తుగా ఉంటుందమ్మా, రాత్రి నాలుగుసార్లు లేవాల్సొస్తుంది” అని చెప్పినవాళ్లకే పరీక్ష రాసేవాళ్లు. పగటి మత్తు వాళ్లలో చాలామందికి జబ్బు పంపిన మొదటి కబురు. మూత్రానికి రాత్రంతా లేస్తే పగలు నిద్ర ముంచుకు రాక తప్పదు.

అనుమానం వచ్చినవాళ్లు పంజాగుట్టలోని నిమ్స్‌కు వెళ్లేవాళ్లు. నిజాం ట్రస్టు డబ్బుతో 1960ల్లో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిమ్స్, 1980ల్లో డాక్టర్ కాకర్ల సుబ్బారావు డైరెక్టర్‌గా ఉన్నప్పుడు పెద్ద వైద్య సంస్థగా ఎదిగింది. దాని చుట్టూ మందుల షాపులు, ల్యాబులు పుట్టుకొచ్చాయి. మా వృత్తికి అన్నం పెట్టిన దారి అది.

ఈలోగా మధ్యాహ్నాలు మారాయి. 1990ల్లో సనత్‌నగర్‌లో షిఫ్టులు తగ్గాయి, ఇండిపెండెంట్ ఇళ్లు అపార్టుమెంట్లయ్యాయి. సంపు, మోటారు, పైన ట్యాంకు వచ్చాక నల్లా కోసం లేచే అవసరం పోయింది. ఆడవాళ్ల భుజాల మీది బరువు తగ్గింది, మంచిదే. కానీ కునుకును ఆపే కేక కూడా ఆగిపోయింది. సైకిల్ స్థానంలో స్కూటర్, రాత్రి పదకొండు దాకా సీరియళ్లు, మధ్యాహ్నం అదే పళ్లెం నిండా తెల్లన్నం. ఒంటి కష్టం తగ్గినా తిండి తగ్గలేదు, నిద్ర మాత్రం అరగంట నుంచి రెండు గంటలకు పెరిగింది. పోస్ట్ లంచ్ శాంపిల్‌కు రెండు గంటల తర్వాత రమ్మంటే, చెంప మీద దిండు ముద్రతో వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. కండరం కదిలితే ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. తిన్న వెంటనే పడుకుంటే ఆ దారి మూసుకుంటుంది.

ఆ తర్వాత వచ్చింది అసలు మార్పు. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరుచుకుంది. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు గోడలు కనిపించకుండా పరుచుకున్నాయి. వాటి వెనక గల్లీల్లో హాస్టళ్లు. అక్కడ కోర్సు నేర్చి ఉద్యోగం దొరికిన పిల్లల్లో చాలామందికి పనివేళలు అమెరికావి. మా నాయిన వారాల వంతున చేసిన నైట్ షిఫ్టు, వీళ్లకు ఏళ్ల తరబడి బతుకైంది. ఎస్సార్ నగర్ హాస్టల్ గదుల్లో పట్టపగలు పరదాలు దించి ఉండడం అక్కడివాళ్లకు మామూలు దృశ్యం.

ఒక సాయంత్రం అలాంటి అబ్బాయి వచ్చాడు. ముప్పై కూడా ఉండవు. “మేడం, నేను ఇప్పుడే నిద్ర లేచాను. ఎనిమిది గంటలైంది తిని. ఇప్పుడిస్తే ఫాస్టింగేనా?” అన్నాడు. నియమం ప్రకారం ఫాస్టింగే. కానీ ఒకే భోజనానికి పొద్దునకన్నా సాయంత్రం, రాత్రి గ్లూకోజ్ ఎక్కువ పెరుగుతుంది. శరీరంలోని గడియారం హాస్టల్ వేళలకు అంత తేలిగ్గా తిరగదు. ఆ గడియారం పనితీరును విప్పిచెప్పినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు పరిశోధనలు ఏమంటున్నాయో చూద్దాం. టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు అప్పటిదాకా జరిగిన 21 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి లెక్కగట్టి 2016లో మ్యూనిక్‌లో మధుమేహ సదస్సులో వినిపించారు. పగలు గంటకు మించి పడుకునేవాళ్లలో టైప్ 2 మధుమేహం ముప్పు 45 శాతం ఎక్కువ కనిపించింది. చిన్న కునుకు తీసేవాళ్లలో ఆ పెరుగుదల లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో పెద్దవయసువాళ్ల మీద చేసిన అధ్యయనం కూడా పగటి నిద్రకూ మధుమేహానికీ సంబంధం చూపింది. అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో రాత్రి డ్యూటీలు చేసిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది.

వీటిని బట్టి పగటి నిద్రే షుగర్ తెస్తుందని తేల్చడానికి లేదు. గురకతో ఊపిరి ఆగి ఆగి రాత్రి నిద్ర చెడినవాళ్లు పగలు ఎక్కువ పడుకుంటారు. అప్పటికే చక్కెర పెరిగినవాళ్లూ పడుకుంటారు. సుదీర్ఘమైన పగటి నిద్ర ఒక్కోసారి కారణం, ఒక్కోసారి లక్షణం. ఏదైనా సరే, అది పరీక్ష చేయించుకోమని చెప్పే గుర్తు.

నాయిన తరం కునుకును నేరంగా చూడొద్దు. చిన్న కునుకుతో ముప్పు పెరిగినట్టు టోక్యో వాళ్ల లెక్కల్లో కనబడలేదు. తిన్నాక పది నిమిషాలు నడిచి, అలారం పెట్టుకుని, అరగంటకు లేస్తే చాలు. రెండు గంటలు పడుకుంటే తప్ప రోజు గడవని మనిషిని బద్ధకస్తుడని తిట్టకుండా ల్యాబ్‌కు తీసుకెళ్లండి, గురక ఉంటే డాక్టరుకు చెప్పండి.

రాత్రంతా పనిచేసేవాళ్ల పగటి నిద్ర వాళ్ల ఇష్టం కాదు, వాళ్ల జీతం షరతు. కాబట్టి జీతమిచ్చేవాళ్లకు బాధ్యత ఉంది: వారం వారం షిఫ్టు మార్చడం మానాలి, ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ షుగర్ పరీక్ష చేయించాలి, అర్ధరాత్రి క్యాంటీన్‌లో బిర్యానీ బదులు తేలికైన తిండి పెట్టాలి. మా ల్యాబుల వాళ్లం చేయాల్సింది ఇంకా తేలిక. ఫారంలో రెండు గడులు కలపాలి: ఎప్పుడు పడుకుంటారు, ఎంతసేపు పడుకుంటారు.