మోగని సైరన్

మా అత్తగారికి గడియారంతో పనుండేది కాదు. పెళ్లయి విశాఖపట్నం వచ్చిన కొత్తలో నాకదొక వింత. ఎక్కడో దూరంగా ఫ్యాక్టరీ సైరన్ మోగడం ఆలస్యం, పొయ్యిమీద ఎసరు పెట్టేసేవారు. మధ్యాహ్నం మళ్లీ మోగితే కంచాలు పెట్టేవారు. "అది ఏ ఫ్యాక్టరీదండీ అత్తయ్యా?" అనడిగితే, "ఏదైతే నీకెందుకే, అన్నం ఉడికిందో లేదో చూడు" అనేవారు. ఒక రోజు ఎందుకో ఆ సైరన్ మోగలేదు. మా ఇంట్లో భోజనాలు అరగంట ఆలస్యమయ్యాయి. మామగారు చిరాకుపడ్డారు. సైరన్ మోగకపోవడం వల్ల మాకు కలిగిన నష్టమల్లా అంతే.

అదే ఊళ్లో సైరన్ మోగని రాత్రి ఇంకొకటి వచ్చింది. 2020 మే 7. కరోనా లాక్‌డౌన్ రోజులు. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో, గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం మంచి నిద్రలో ఉండగా, ఊరిని ఆనుకునే ఉన్న ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు కమ్ముకొచ్చింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు వీధుల్లోనే కూలిపోయారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే ప్రాణాలు విడిచాయి. పోలీసులూ, చుట్టుపక్కల కుర్రాళ్లూ ఇంటింటికీ వెళ్లి తలుపులు బాది, తెరవని తలుపులు విరగ్గొట్టి మనుషుల్ని మోసుకొచ్చారు. 12 మంది పోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

ఆ ఫ్యాక్టరీ నిన్నా మొన్నటిది కాదు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో పుట్టింది. 1997లో కొరియా కంపెనీ చేతికి వచ్చింది. అక్కడ ట్యాంకుల్లో నిలవ ఉండేది స్టైరీన్ అనే ద్రవం. మనం వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులూ, టీవీ పెట్టెల్లో వచ్చే థర్మోకోలూ దాని సంతానమే. దాని గుణం మన దోసెల పిండి గుణం లాంటిది. వేసవిలో మూతపెట్టి మరిచిపోయామనుకోండి, తనలో తనే పులిసి, పొంగి, గట్టు మీదికి కారుతుంది కదా! స్టైరీను కూడా అంతే, పట్టించుకోకపోతే తనలో తనే వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఆ పని మరింత జోరందుకుంటుంది. అందుకే చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా ఒక మందు కలుపుతూ ఉండాలి. లాక్‌డౌన్లో వారాల తరబడి ఉత్పత్తి ఆగింది గానీ, ట్యాంకులో ఉన్న ద్రవానికి లాక్‌డౌన్ సంగతి ఏం తెలుసు?

రాష్ట్ర ప్రభుత్వం సీనియర్ ఐ.ఎ.ఎస్. అధికారి నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. జూలైలో నివేదిక వచ్చింది. కలపవలసిన మందు నిలవలో లేదు. వేడిని కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, పైభాగం ఎంత కాగుతోందో చెప్పే నాథుడు లేడు. ఇలా చాలా తప్పులు లెక్కపెట్టారు. కంపెనీ పెద్దల్ని అరెస్టు చేశారు, తనిఖీ చెయ్యవలసిన ప్రభుత్వాధికారులు కొందరు సస్పెండయ్యారు. అవన్నీ పేపర్లో చదివాను, మరిచిపోయాను. మరిచిపోలేనిది ఒక్కటే. ఆ ఫ్యాక్టరీలో ప్రమాదం సైరన్ ఉంది. పాడైపోనూ లేదు. దాన్ని మోగించడానికి మీటలు 36 చోట్ల ఉన్నాయి. ఒకటి గేటు దగ్గరే ఉంది. ముప్పయ్యారింటిలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ నొక్కలేదు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ల మనసుల్లోకి దూరి తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. కానీ మన ఆఫీసుల తీరు మనకు తెలియనిదా? అర్ధరాత్రి పెద్దసారుని లేపితే ఏమంటారో! తీరా ఏమీ కాకపోతే ఊరందరినీ బెదరగొట్టానని మెమో ఇస్తారేమో! నాకంటే సీనియరు పక్కనే ఉన్నాడుగా, ఆయనే నొక్కుతాడులే! ఇలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగానే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. టైముకి రావడం, లంచం ముట్టకపోవడం, ఫైళ్లు సరిగ్గా ఉంచడం, వీటినే మనం వృత్తిధర్మం అనుకుంటాం. మంచివే. కానీ వేళ మించకముందు నోరు విప్పడం అనే ధర్మం ఒకటుంది, దానికి ఏ ఆఫీసులోనూ ఇంక్రిమెంటు ఇవ్వరు. పైగా తిట్లు పడతాయి.

ఇలాంటి రాత్రి మన దేశంలో అంతకుముందే ఒకటి గడిచింది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలోంచి విషవాయువు బయటపడింది. అక్కడ ఊరికోసం పెట్టిన సైరన్ మోగింది. మోగిన కాసేపటికే దాన్ని ఆపేశారు! చిన్నాచితకా లీకులకు ఊరిని భయపెట్టకూడదని అక్కడొక పద్ధతి ఉండేది మరి. భయపెట్టకుండానే వేలమందిని పొట్టన పెట్టుకున్నారు.

అదే రాత్రి భోపాల్ రైల్వే స్టేషన్లో గులాం దస్తగీర్ అనే డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంటు డ్యూటీలో ఉన్నాడు. కళ్లు మండుతున్నాయి, ఊపిరాడటం లేదు. ప్లాట్‌ఫారం మీద గోరఖ్‌పూర్ నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ జనంతో కిక్కిరిసి నిలబడి ఉంది. బయల్దేరడానికి ఇంకా టైముంది. టైము కాకుండా బండిని పంపితే పైవాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాలి. "పూచీ నాది" అని ఆ బండిని అప్పటికప్పుడు పంపించేశాడు. భోపాల్ వైపు వచ్చే బండ్లను ఆపమని పక్క స్టేషన్లకు కబురు చేశాడు. నియమం తప్పాడు, ధర్మం తప్పలేదు. ఆ విషం ఆయన ఒంట్లోంచి మాత్రం పోలేదు. ఏళ్ల తరబడి జబ్బుపడి 2003లో కన్నుమూశాడు.

భోపాల్ తరవాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చారు. ఫ్యాక్టరీ వల్ల రాగల ముప్పు ఏమిటో కార్మికులకే కాదు, చుట్టుపక్కల కాపురముంటున్న వాళ్లకీ చెప్పాలన్నారు. ప్రమాదం ముంచుకొస్తోందని కార్మికుడికి తోస్తే హెచ్చరించే హక్కు అతనిదనీ, వెంటనే కదలవలసిన బాధ్యత యాజమాన్యానిదనీ రాశారు. చూశారా, నోరు విప్పడానికి కూడా మనకు చట్టం కావలసొచ్చింది! ఆ చట్టం వచ్చిన పదేళ్లకు, 1997 సెప్టెంబరు 14 ఆదివారం పొద్దున్న, ఇదే విశాఖలో హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో గ్యాస్ అంటుకుని 60 మంది దాకా పోయారు. ఆ నల్లటి పొగ గురించి మా అత్తగారు కథలు కథలుగా చెప్పేవారు. ఆ రోజు వంట మాట ఎవరికీ గుర్తు రాలేదట.

ఇంత చెప్పి మా ఊరికి హెచ్చరించడం చేతకాదంటే అబద్ధమవుతుంది. సముద్రం విషయంలో మా వాళ్లంత జాగ్రత్తపరులు లేరు. రేడియోలో "విశాఖపట్నం రేవులో పదో నంబరు ప్రమాద సూచిక" అని వినపడితే చాలు, కోస్తా ఆడవాళ్లు బియ్యం డబ్బాలు అటకెక్కించేస్తారు. ఈ నంబర్ల వెనక పెద్ద విషాదమే ఉంది. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మన బందరును తుపాన్లు ముంచేశాయి. ఒక్క బందరు ప్రాంతంలోనే 30 వేలమంది పోయారంటారు. మరుసటి ఏడాది కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలుపెట్టారు. 1875లో వాతావరణ శాఖ పుట్టింది. పగలు గుర్తులు, రాత్రి దీపాలు రేవుల్లో ఎగరేయడం అలవాటైంది. 1974లో విశాఖలోనే తుపాను హెచ్చరికల కేంద్రం పెట్టారు. అయినా 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైగా మనుషులు కొట్టుకుపోయారు. కబురు బయల్దేరితే సరిపోదు, గుడిసె గుమ్మం దాకా చేరాలని ఆనాడు తెలిసొచ్చింది.

ఆ కేంద్రంలో పనిచేసేవాళ్లను తలుచుకుంటే నాకు గౌరవం. వాళ్లు చెప్పిన తుపాను ఎన్నిసార్లు దారి మళ్లి ఒడిశాకో బంగ్లాదేశ్‌కో పోలేదు? మనం ఇంట్లో కూర్చుని పకోడీలు తింటూ వేళాకోళం చేశాం. వాళ్లు సిగ్గుపడి ఊరుకోలేదు, మళ్లీసారి మళ్లీ చెప్పారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి సరిగ్గా విశాఖ మీదే పడినప్పుడు, రోజుల ముందే చెప్పి ఉన్నారు కనక లక్షలమంది ఇళ్లు వదిలి క్షేమంగా ఉన్నారు. చెట్లన్నీ పోయాయి, ఊరు బోడిగుండు అయిపోయింది. పోయిన ప్రాణాలు మాత్రం పదుల్లోనే ఉన్నాయి.

ఆ రోజు స్టీల్ ప్లాంటులో కరెంటు పూర్తిగా పోయింది. అక్కడి మొదటి రెండు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్నారు, ఎంత ముచ్చటైన పేర్లో! వాటికి బొగ్గు కాల్చి అందించే కోక్ ఓవెన్లు ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి చల్లారకూడదట. చల్లారితే లోపలి ఇటుకలు బీటలిచ్చేస్తాయి. మనం పొయ్యి ఆర్పి పడుకున్నట్టు ఆ పొయ్యి ఆర్పడానికి వీల్లేదు. ఊళ్లో ఫోన్లు పనిచెయ్యడం లేదు, ఇంటి పైకప్పు ఉందో ఎగిరిపోయిందో తెలియదు. అయినా డ్యూటీలో ఉన్నవాళ్లు ఆ పొయ్యిల్ని కనిపెట్టుకునే ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పేపర్లోనూ పెద్దక్షరాల్లో రాలేదు. జరగని ప్రమాదం ఎవరికి వార్త?

ఇంతమందిని గురించి రాసి నా సంగతి దాచుకుంటే బాగుండదు. చాలా ఏళ్ల క్రితం ఒక బళ్లో కొన్నాళ్లు సోషల్ టీచరుగా చేశాను. ఆరో తరగతి గది పైకప్పులో దూలం ఒకటి ఒరిగి, పెంకులు జారుతూ ఉండేవి. స్టాఫ్ మీటింగులో ఆ మాట చెప్పాను. "మీరు పాఠం చూసుకోండమ్మా, బిల్డింగు మేం చూసుకుంటాం" అన్నారు పైవాళ్లు. అందరూ నవ్వారు. నేను తలదించుకుని కూర్చున్నాను. మళ్లీ ఎత్తలేదు. పైగా ఆ కింద కూర్చునే పిల్లల్ని మెల్లగా పక్కకు జరిపి, నా పని నేను చేశాననుకున్నాను. ఒక ఆదివారం నాడు ఆ మూల మొత్తం కూలింది. ఆదివారం కాబట్టి గదిలో ఎవరూ లేరు.

సోమవారం పొద్దున్న మా అటెండరు చీపురు పట్టుకుని విరిగిన పెంకులు తట్టలోకి ఎత్తుతున్నాడు. కింద నలిగిన బెంచీలు నాలుగు. నన్ను చూసి, "మీరు ముందే చెప్పారు కదమ్మా" అన్నాడు గౌరవంగా. అవునన్నట్టు తల ఊపాను. ఎన్నిసార్లు చెప్పారమ్మా అని మాత్రం అతను అడగలేదు.