పడౌక్ వేర్ల కింద చరిత్ర: అండమాన్ నుంచి పటాన్‌చెరు దాకా

మొన్న ఒక మాక్ టెస్టులో నేను మార్కు పోగొట్టుకున్న ప్రశ్నతో మొదలుపెడతాను. రెండు వాక్యాలు ఇచ్చారు. ఒకటి, సరుగుడు చెట్టు చిక్కుడు కుటుంబానికి చెందినది కాదు. రెండు, సరుగుడు వేర్ల బుడిపెల్లో నత్రజని స్థాపన జరుగుతుంది. మొదటిది ఒప్పు, రెండోది తప్పు అని పెట్టేశాను. రెండూ ఒప్పే. నత్రజని అంటే రైజోబియం, రైజోబియం అంటే చిక్కుడు కుటుంబం అని స్కూలు రోజుల్లో బట్టీ పట్టిన లంకె ఎంత గట్టిదంటే, పరీక్ష హాల్లో అది మన బదులు జవాబు పెట్టేస్తుంది.

ఆ తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్తే చివరికి అండమాన్‌లో తేలాను. అందుకే ఈ వ్యాసం. సైన్స్ అండ్ టెక్నాలజీకీ పర్యావరణానికీ రెండింటికీ పనికొస్తుంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

అండమాన్ నికోబార్ 'రాష్ట్ర వృక్షం' ఏది అంటే అందరం పడౌక్ అని చెప్పేస్తాం. (అది కేంద్రపాలిత ప్రాంతమే అయినా ప్రశ్న మాత్రం ఇలాగే వస్తుంది.) దాని శాస్త్రీయ నామం టెరోకార్పస్ డాల్బర్జియాయిడిస్. మన శేషాచలం కొండల ఎర్రచందనం టెరోకార్పస్ శాంటలైనస్. మన అడవుల్లోని వేగిస టెరోకార్పస్ మార్సూపియం. మూడూ ఒకే ప్రజాతి, మూడూ చిక్కుడు కుటుంబమే. ఇంతవరకు నోట్స్‌లో ఉంటుంది. నోట్స్‌లో లేనిది ఇంకొకటి: జన్యు వంశవృక్షం గీసిన శాస్త్రవేత్తలు ఈ చెట్ల పక్కనే, అదే శాఖలో, అనంతపురం రైతు వేసే వేరుశనగను కూర్చోబెట్టారు. అంత ఎత్తు పడౌక్‌కి, మోకాలు దాటని వేరుశనగకి చుట్టరికం. ఆకారంలో అది కనిపించదు, వేర్లలో కనిపిస్తుంది. ఈ శాఖ మొక్కల్లో బుడిపెలు పక్కవేర్లు పుట్టే చోటనే కడతాయి. బఠాణీలో బాక్టీరియా వేరు నూగులోంచి దారి తొలుచుకుని లోపలికి పోతుంది. వేరుశనగలో అలా కాదు, పక్కవేరు పొడుచుకొచ్చినప్పుడు ఏర్పడే పగులులోంచి దూరుతుంది.

ఇప్పుడు తేదీలు చూడండి. 1858 మార్చిలో బ్రిటిష్ వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) శిక్షా స్థావరం మొదలుపెట్టారు. 1883లో అక్కడ అటవీ శాఖ ఏర్పడింది, చాతం దీవిలో రంపపు మిల్లు వచ్చింది. అప్పటి నుంచి పడౌక్ అంటే ఘనపు అడుగుల లెక్క. సరిగ్గా అవే సంవత్సరాల్లో జర్మనీలో కొందరు చెట్టును తిరగేసి కింద నుంచి చూడటం మొదలుపెట్టారు.

ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్‌కు ప్రష్యా ప్రభుత్వం అప్పగించిన పని తిండికి సంబంధించినది: ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును సాగు చేయడం ఎలాగో తేల్చడం. ఆ పని తెమల్లేదు. కానీ అడవి చెట్ల వేర్ల కొసలను శిలీంధ్రం తొడుగులా కప్పి ఉండటం ఆయన చూశాడు. అది రోగం కాదని, చెట్టుకు మేలే చేస్తోందని వాదించి, 1885లో దానికి 'మైకోరైజా' అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది, 1886లో, హెర్మన్ హెల్రీగెల్ బెర్లిన్ సభలో తన బఠాణీ ప్రయోగాలు వివరించాడు. శుద్ధి చేసిన ఇసుకలో నత్రజని ఎరువు వేయకపోతే బఠాణీ ఆకలితో వాడిపోతుంది. అదే ఇసుకలో కాస్త పొలం మట్టి కలిపిన నీళ్లు పోస్తే బుడిపెలు కట్టి కోలుకుంటుంది. ఓట్స్‌కు ఆ నీళ్లు ఏ మేలూ చేయవు. 1888లో బైయరింక్ ఆ బుడిపెల్లోని బాక్టీరియాను విడదీసి పెంచాడు. 1889లో రైజోబియం అనే పేరు పెట్టింది మళ్లీ ఫ్రాంకే. నాలుగేళ్లలో ఇంత జరిగింది. చాతం మిల్లులో మాత్రం వేర్లు మిల్లు దాకా రావు కదా, వాటిని చూసేవాడే లేడు.

ఆ తర్వాత సుమారు తొంభై ఏళ్లు బుడిపెలు కట్టే ఈ గుణం ఎవరిది, మొక్కదా, బాక్టీరియాదా అన్న ప్రశ్న నలుగుతూనే ఉంది. మొక్క వైపు నుంచి జవాబులో ఒక భాగం మన పటాన్‌చెరులోనే దొరికింది. ఇక్కడ కాస్త ఆగుదాం, జన్యుశాస్త్రం అర్థమయ్యేది ఇక్కడే.

1972లో స్థాపించిన ఇక్రిశాట్‌లో వేరుశనగ సంకరణాలు చేస్తున్నారు. తల్లి మొక్కకూ తండ్రి మొక్కకూ ఇద్దరికీ బుడిపెలు ఉన్నాయి. మొదటి తరంలో అన్నిటికీ ఉన్నాయి. రెండో తరంలో మాత్రం పచ్చటి మొక్కల మధ్య అక్కడక్కడా పాలిపోయిన పసుపు మొక్కలు. పీకి చూస్తే వేర్లు నున్నగా ఉన్నాయి, ఒక్క బుడిపె లేదు. 1980లో అక్కడి శాస్త్రవేత్తలు ప్రకటించిన లెక్క 15:1. డైహైబ్రిడ్ అంటే 9:3:3:1 అని మనం చదువుతాం. ఇది దాని మారు రూపమే. బుడిపె కట్టడానికి రెండు వేర్వేరు జన్యువులు ఉన్నాయనుకోండి. వాటిలో ఏ ఒక్కటి పనిచేసినా చాలు. తల్లిలో మొదటిది చెడింది, రెండోది బాగుంది. తండ్రిలో రెండోది చెడింది, మొదటిది బాగుంది. అందుకే ఇద్దరికీ బుడిపెలు ఉన్నాయి. మనవళ్ల తరంలో మొదటిది పూర్తిగా చెడిపోవడానికి అవకాశం నాలుగింట ఒకటి, రెండోదానికీ నాలుగింట ఒకటి. రెండూ ఒకే మొక్కలో కలిసిరావడానికి పదహారింట ఒకటి. ఆ పదహారో మొక్కే పసుపు మొక్క. వేరుశనగ ఇద్దరు పూర్వీకుల జన్యు సముదాయాలు కలిసిన టెట్రాప్లాయిడ్ పంట, 40 క్రోమోజోములు, కాబట్టి ఒకే పనికి రెండు జన్యువులు ఉండటంలో వింతేమీ లేదు.

ఆ పసుపు మొక్కలను పారేయలేదు. వాటిని పెంచి కొలబద్దగా వాడారు. బుడిపెలున్న మొక్క తీసుకున్న నత్రజనిలోంచి బుడిపెలు లేని మొక్క తీసుకున్నది తీసేస్తే, గాలి నుంచి వచ్చినది ఎంతో తేలుతుంది. లోపమున్న మొక్కే ప్రయోగానికి ఆధారమైంది. నాకు ఈ విషయంలో బాగా నచ్చేది ఇదే.

బాక్టీరియా వైపు కథ 1980లలో వేగం అందుకుంది. బుడిపెలు కట్టించే జన్యువులకు 'నాడ్' జన్యువులని, నత్రజనిని స్థాపించే వాటికి 'నిఫ్' జన్యువులని పేర్లు వచ్చాయి. మొక్క వేరు ఫ్లేవనాయిడ్ అనే పదార్థాన్ని విడిచి పిలుస్తుంది. బాక్టీరియా నాడ్ జన్యువులు దానికి స్పందించి 'నాడ్ ఫ్యాక్టర్' అనే అణువును పంపుతాయి. 1990లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఆ అణువు నిర్మాణాన్ని విప్పారు. ఆ నిర్మాణంలో చిన్న మార్పు చాలు, మొక్క తలుపు తీయదు. ఏ బాక్టీరియా ఏ పంటకు పనికొస్తుందన్న విషయంలో పెద్ద పాత్ర ఈ పిలుపు, బదులుదే.

అసలు ఆశ్చర్యం 1995లో న్యూజిలాండ్ నుంచి వచ్చింది. స్థానికంగా తగిన రైజోబియా లేని ఒక పొలంలో లోటస్ అనే పశుగ్రాసపు మొక్కను, ఒకే ఒక్క బాక్టీరియా రకాన్ని పట్టించి, వేశారు. ఏడేళ్ల తర్వాత బుడిపెలు కోసి చూస్తే లోపల రకరకాల బాక్టీరియా. చాలా వాటికి వేసిన రకంతో పోలికే లేదు. కానీ సహజీవన జన్యువులు మాత్రం అన్నిటిలో ఒకటే. జరిగిందేమిటంటే, వేసిన బాక్టీరియా తన క్రోమోజోములోని సుమారు 5 లక్షల బేస్ జతల డీఎన్ఏ ముక్కను ఆ మట్టిలోని స్థానిక బాక్టీరియాకు దాటించింది. అంతవరకు వేర్లతో ఏ సంబంధమూ లేని బాక్టీరియా ఒక్క బదిలీతో సహజీవి అయిపోయింది. ఆ ముక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'సహజీవన ద్వీపం'. క్రోమోజోము సముద్రంలో విడిగా కనిపించే దీవి.

పేరు బాగుంది కదా అని దాటేయకండి. అసలు దీవులకు ఇది నేరుగా తగులుతుంది. 2004 డిసెంబర్ 26 సునామీలో అండమాన్ నికోబార్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది. దక్షిణాన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అలాంటి నేలను మళ్లీ సాగులోకి తేవాలంటే వరి తర్వాత పెసర, మినుము వేయాలి, వాటికి జీవన ఎరువు పట్టించాలి అని మనం జవాబుల్లో రాస్తాం. తప్పు లేదు. కానీ ప్రధాన భూభాగం నుంచి తెచ్చిన ప్యాకెట్టులోని బాక్టీరియా చచ్చినా, దాని సహజీవన ద్వీపం స్థానిక బాక్టీరియాలోకి దాటి బతకవచ్చు. దాటాక అది మంచే చేస్తుందన్న హామీ లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో బిసెరులా అనే పశుగ్రాసం విషయంలో ఇలా జన్యువులు అందుకున్న కొన్ని కొత్త రకాలు బుడిపెలైతే కట్టాయి, నత్రజని మాత్రం సరిగా ఇవ్వలేదు. అద్దె కట్టకుండా ఇంట్లో దిగిన వాళ్లన్నమాట. ఉప్పును తట్టుకున్న స్థానిక రకాలను ముందు వెతికి, వాటినే పెంచి వాడటం మేలని నా అభిప్రాయం. 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పడిన, ఇప్పుడు కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థగా ఉన్న ఐకార్ సంస్థ పేరును మెయిన్స్ జవాబులో ఇక్కడ వాడుకోవచ్చు.

ఇక నన్ను ముంచిన సరుగుడు దగ్గరికి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక నేలల్లో సర్వి తోటలు చూడని వాళ్లం ఉండం. అది ఇక్కడి చెట్టు కాదు, 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, రైలింజన్ల కోసం నాటించినది. భారతదేశంలో అది తనంతట తానుగా పెరిగేది అండమాన్ నికోబార్ తీరాల్లో. ఛాంపియన్, సేథ్ అడవుల వర్గీకరణలో తీరపు అడవికి గుర్తు చెట్టు అదే. పడౌక్ అండమాన్‌కే పరిమితం, టెన్ డిగ్రీ ఛానల్ దాటి నికోబార్‌లో సహజంగా పెరగదు. సరుగుడు ఛానల్‌కు రెండు వైపులా ఉంది. ప్రిలిమ్స్‌కు ఇది గుర్తుంచుకోండి.

దాని వేర్లలో ఉండేది రైజోబియం కాదు, ఫ్రాంకియా. దారాల్లా పెరిగే ఆక్టినోబాక్టీరియా. 1886లోనే ఫ్రాంక్ గౌరవార్థం పేరు పెట్టారు, కానీ ప్రయోగశాలలో శుద్ధంగా పెంచగలిగింది 1978లో. పేరుకూ చేతికి చిక్కడానికీ మధ్య తొంభై రెండేళ్లు! 2007లో మూడు ఫ్రాంకియా రకాల జన్యుపటాలు వచ్చాయి. ఎన్నో జాతుల మొక్కలతో జతకట్టగల రకానికి సుమారు 90 లక్షల బేస్ జతలు, ఆల్డర్ చెట్టు రకానికి 75 లక్షలు, సరుగుడు రకానికి 54 లక్షలే. దగ్గరి బంధువుల మధ్య ఇంత తేడా ఎందుకు? పరిశోధకుల వివరణ ఇది: సరుగుడు కుటుంబం ఆస్ట్రేలియా, దాని చుట్టుపక్కల ప్రాంతాలకే పరిమితమై ఉండేది. దాని ఫ్రాంకియా ఒకే రకం ఇంటికి అలవాటుపడి, అక్కర్లేని జన్యువులు వదిలేసుకుంటూ వచ్చింది. భూగోళం జన్యుపటంలో అచ్చయింది. ఇలాంటి బాక్టీరియాకు తన చెట్టు లేని చోట ఉనికి కష్టం, అందుకే సరుగుడును కొత్త చోట నాటేటప్పుడు నర్సరీలో పాత తోట బుడిపెలు నూరి మొలకలకు పట్టించే పద్ధతి వచ్చింది.

సరుగుడు ఎక్కడ, చిక్కుడు ఎక్కడ, రెండూ బుడిపెలు కట్టడం ఎలా నేర్చాయి? 2002లో చిక్కుడు కుటుంబపు మొక్కల్లో 'సిమ్ ఆర్‌కే' అనే జన్యువు దొరికింది. అది చెడితే రైజోబియం రాదు, మైకోరైజా శిలీంధ్రమూ రాదు. 2008లో సరుగుడులో అదే జన్యువును అణచి చూస్తే ఫ్రాంకియా బుడిపెలు కట్టడం దెబ్బతింది. అంటే తలుపు ఒకటే, వచ్చే అతిథులు వేరు. ఆ తలుపు మొదట బిగించింది శిలీంధ్రాల కోసం. స్కాట్లాండ్‌లోని రైనీ శిలల్లో సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల కణాల్లో ఆ శిలీంధ్రాలు శిలాజాలై కనిపిస్తాయి. ఫ్రాంక్ ట్రఫుల్ వెతుకుతూ చూసింది, హెల్రీగెల్ బఠాణీలో చూసింది వేర్వేరు విషయాలని వందేళ్లకు పైగా అనుకున్నాం.

ఇప్పుడు వర్తమానం. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుకు 2022లో సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి మళ్లింపునకు సూత్రప్రాయ అనుమతి వచ్చింది. దానికి బదులుగా పరిహార వనీకరణకు ఎంచుకున్న చోటు హర్యానా. రక్షణ అవసరాలు, మలక్కా జలసంధికి దగ్గరితనం వంటి వాదనలు జవాబులో రాయాల్సినవే, వాటిని తీసిపారేయను. విమర్శ రాసేటప్పుడు మాత్రం చాలామంది చెట్ల సంఖ్య, లెదర్‌బ్యాక్ తాబేళ్లు, షోంపెన్ ప్రజల దగ్గర ఆగిపోతారు. ఒక దీవి చెట్టుతో కలిసి జన్యువులు పోగొట్టుకుంటూ, అందుకుంటూ వచ్చిన మట్టి జీవులు పరిహార లెక్కలో ఏ గడిలోకీ రావు. 1883లో చాతం మిల్లు చెట్టును కలపగా కొలిచింది. మనం హెక్టార్లుగా కొలుస్తున్నాం.

2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. మీలో అక్కడి నుంచి చదువుతున్న వాళ్లుంటే, తీరంలో గాలికి పడిన సరుగుడు వేళ్లను ఒకసారి చూడండి. గుత్తుల్లా, పగడపు కొమ్మల్లా ఉండే బుడిపెలు కనిపిస్తే ఫొటో తీసి కామెంట్‌లో పెట్టండి, నోట్స్‌లో చేరుస్తాను.

సాధనకు ప్రశ్న: "పరిహార వనీకరణ విస్తీర్ణాన్ని భర్తీ చేస్తుంది కానీ సహజీవన సంబంధాలను కాదు." అండమాన్ నికోబార్ దీవుల ఉదాహరణతో చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు.